ఫొటో తీసే గురువు

ఇరవై ఏళ్లు నిండితే చాలు, ఈ దేశంలో కుర్రాడి చేతికి లారీ స్టీరింగు ఇవ్వొచ్చు. ఒకప్పుడు ఎనిమిదో తరగతి చదివి ఉండాలనేవారు. 2019లో ఆ నిబంధన కూడా ఎత్తేశారు. డిగ్రీలు చదివినవాళ్లు కార్లు నడిపే తీరు చూశాక, చదువు వల్ల రోడ్డుకు ఒరిగేదేమీ లేదని సర్కారుకూ అర్థమై ఉంటుంది.

ఈమధ్య ఒక రాత్రి విజయవాడ నుంచి హైదరాబాదుకు లారీలో వచ్చాను. పది టైర్ల బండి. డ్రైవరుకు ఇరవై రెండేళ్లు. రెండేళ్లు క్లీనరుగా అద్దాలు తుడిచి, టైర్లు కొట్టి చూసి, ఈమధ్యే కుడి సీట్లోకి మారాడు. బండి కూడా కుడికే మారిపోయింది. నందిగామ దాటినా కుడి లేను వదలడే! డివైడరు మీది గన్నేరు కొమ్మలు అద్దానికి తగులుతున్నాయి.

"అబ్బాయ్, ఎడమకు రావా?" అన్నాను.

"ఎడమ ఎక్కడుంది బాబాయ్?" అన్నాడు.

నవ్వాను గానీ, పది నిమిషాలు రోడ్డు వైపు చూశాక నవ్వు ఆగిపోయింది. ఎడమ లేనులో ముందొక లారీ చెడిపోయి నిలబడి ఉంది. దాని వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ. మన జాతీయ ప్రమాద హెచ్చరిక పరికరాలు అవే. కాస్త ముందుకెళ్తే వెనక లైటు లేని ట్రాక్టరు. అది దాటితే మనకు ఎదురొస్తూ ఒక బైకు. యూటర్ను దూరం గనక అతని ఇంటికి దగ్గరిదారి మన బంపరు మీదుగానే. కోతల కాలంలో అయితే వడ్లు కూడా ఆరబోసి ఉంటాయి. ఇంజనీరు లేను అని గీసినదాన్ని ఊరు కళ్లంగా, పార్కింగుగా, మెకానిక్ షెడ్డుగా వాడుకుంటోంది. పోనీ కుడి లేనైనా వేగానికి వదిలారా అంటే, పగటిపూట గన్నేరు మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకరు నడిచేది అందులోనే. వేగంగా పోయే లేనులో అన్నిటికన్నా నిదానంగా పోయే బండిని మనమే డబ్బిచ్చి తిప్పుతున్నాం.

అయితే కుర్రాడి తప్పు లేదా? ఉంది. ఎడమ ఖాళీ దొరికినప్పుడు కూడా రాలేదు. నాలుగు లేన్ల రోడ్డు మీద లారీకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 80, కారుకు 100. ఈ రెంటినీ ఒకే లేనులో ముందూ వెనకా పెడితే కారువాడు ఎడమ నుంచి దూరతాడు. సరిగ్గా ఆ క్షణాన లారీవాడికి ఎడమకు రావాలని సద్బుద్ధి పుట్టిందనుకోండి. ఎడమ తలుపు పక్కన, కింద, డ్రైవరు కంటికి ఆనని చోటు కొంత ఉంటుంది. అక్కడ దూరిన చిన్న కారు అద్దంలో కూడా కనపడదు. వెనకటికి క్లీనరు ఆ కిటికీలోంచి తల బయటపెట్టి "రానీ... రానీ... ఆగాగు!" అని అరిచేవాడు. ఇప్పుడు చాలా బళ్లలో క్లీనరు లేడు. ఓనరుకు ఒక జీతం మిగిలింది, బండికి ఒక కన్ను పోయింది.

ఇండికేటరు సంగతి చెప్పకపోతే పాపం. మన లారీ కుడి ఇండికేటరు వేస్తే రెండర్థాలు. "కుడికి తిరుగుతున్నాను, ఆగు" అని ఒకటి. "ఎదురుగా ఎవరూ లేరు, నన్ను దాటిపో" అని మరొకటి. ఏది తీసుకోవాలో వెనకవాడి జాతకాన్ని బట్టి ఉంటుంది. మన ప్రబంధ కవులు శ్లేషను ఎంత ఇష్టపడినా, ఇంత ప్రాణాంతకంగా వాడిన పాపాన పోలేదు.

ఇక చలానా. కేంద్ర చట్టంలో 2019 సెప్టెంబరు 1 నుంచి కొత్త ధరల పట్టిక ఉంది. లారీ ఓవర్‌లోడైతే 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకూ 2,000. భారీ వాహనం వేగం మించితే 2,000 నుంచి 4,000. లేను పద్ధతి లాంటి డ్రైవింగు నియమాలు తప్పితే మామూలుగా పడేది 500 నుంచి 1,000. రోడ్డుకు నొప్పి కలిగితే 20,000, పక్కవాడి గుండె ఆగితే 500. రోడ్డు సర్కారుది, పక్కవాడు ఎవడో! ఒక్క 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది ఇలాంటి ఎవడోలు పోయారు.

ఆ 500 అయినా వేస్తారా? కెమెరాకు తెలిసింది వేగం, నంబరు ప్లేటు. పది కిలోమీటర్లు కుడి లేను పట్టుకుని వేలాడిన బండిని ఒక్క ఫొటోలో పట్టడం దానివల్ల కాదు. అందుకని పట్టగలిగిన వాటినే పడుతుంది. ఆ చలానా కూడా ఒక్కోసారి గురి తప్పుతుంది. 2021లో ఇచ్ఛాపురం అవతల, ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక లారీ డ్రైవరు పర్మిటు రెన్యువలుకు వెళ్తే, హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు 1,000 రూపాయలు కట్టించుకున్నారు. లారీలో హెల్మెట్! కట్టాడు పాపం, పర్మిటు కావాలి కదా.

అసలు తమాషా ఇంకోటి. తప్పు చేసేది డ్రైవరు. నంబరు ప్లేటు ఓనరుది, మెసేజి వెళ్లేది ఓనరు ఫోనుకు. ఒకడు అల్లరి చేస్తే పక్క ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నకు బెత్తం దెబ్బ వేసే బడి ఇది. ఓనరు నెలాఖరున బత్తాలో రెండు వేలు కోసి "చలానా" అంటాడు. ఎక్కడ, దేనికి అని కుర్రాడు అడగడు, ఆయనా చదివి ఉండడు. కుర్రాడికి వంటబట్టిన పాఠం ఒక్కటే: ఏ స్తంభానికి కెమెరా ఉంది, ఏ స్తంభానికి లేదు. అది మాత్రం ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

పైగా తగ్గింపు ధరలు. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి పెండింగు చలానాలకు రాయితీ ఇచ్చారు. రెండోసారి లారీలకు 60 శాతం. జనవరి 10తో సరి అన్నది ఫిబ్రవరి 15 దాకా సాగింది. ఆషాఢం సేలు కూడా ఇన్నిసార్లు పొడిగించరు. టైముకు కట్టినవాడు వెర్రివాడని సర్కారే రసీదిచ్చి మరీ చెప్పింది.

సూర్యాపేట దగ్గర టీ తాగుతూ అడిగాను, లైసెన్సు పరీక్షలో లేను గురించి అడిగారా అని. "రివర్సు అడిగారు బాబాయ్. బాగా వేశాను," అన్నాడు గర్వంగా. మధ్యాహ్నం ఎక్కిన సీటు మీద అర్ధరాత్రి దాకా ఉన్నాడు. రోజుకు ఎనిమిది గంటలే పని అని 1961 నుంచి చట్టం ఉందంటే, కథ చెబుతున్నాననుకున్నాడు.

టీ తాగాక నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. దాటాల్సినప్పుడే కుడి. దాటిన బండి ఎడమ అద్దంలో పూర్తిగా కనపడ్డాక ఇండికేటరు, కాస్త ఆగి మళ్లీ అద్దం, అప్పుడు ఎడమ. శ్రద్ధగా విన్నాడు. నకిరేకల్ దాకా ఇరవై కిలోమీటర్లు ఎడమనే నడిపాడు, ఒక్క కారూ హారన్ కొట్టలేదు. అప్పుడు ఫోను మోగింది. ఓనరు గారు.

"ఏరా, బండి నలభైలో పోతోందేంటి? నిద్రపోతున్నావా? జీపీఎస్‌లో చూస్తున్నా!"

కుర్రాడు నా వైపు చూశాడు. కుడి ఇండికేటరు వేశాడు. గన్నేరు కొమ్మలు మళ్లీ అద్దానికి తగలడం మొదలైంది. స్పీడు గవర్నరు వైరు పీకేసి ఉందని అప్పుడే తెలిసింది నాకు.

వారం తర్వాత ఫోను చేశాను. చౌటుప్పల్ దగ్గర ఆ రాత్రి స్పీడు చలానా పడిందట. ఓనరు గారు బత్తాలో కోసుకున్నారు, కట్టడం మాత్రం ఇంకా కట్టలేదు. ఆఫరు కోసం చూస్తున్నారట.