నేను కెల్లీ బార్న్స్ కట్టను

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా అనే చిన్న ఊరుంది. అక్కడ వాగు 186 అడుగుల ఎత్తు నుంచి జలపాతమై దూకుతుంది. ఆ జలపాతానికి ఎగువన వాగుకు అడ్డంగా ఉండేదాన్ని.

1899లో కరెంటు తీయడం కోసం దుంగల చట్రాల్లో రాళ్లు నింపి నన్ను కట్టారు. 1937 నుంచి ఒక బైబిలు కళాశాల వాళ్లు నామీదే మట్టి పోసి, విడతలవారీగా దాదాపు 40 అడుగులకు పెంచారు. నాకు ఇంజనీరు గీసిన నక్షా అంటూ లేదు. 1957లో కరెంటు తీయడం ఆపేశాక నా చెరువు విహారానికే మిగిలింది. అవసరం తీరిపోయింది కాబట్టి నా వైపు చూసేవాళ్లు తగ్గారు. నా మీద నీటి బరువు మాత్రం తగ్గలేదు.

నా దిగువ వాలు మరీ నిటారు. దానిమీద చెట్లు మొలిచి మానులయ్యాయి. పైకి ఎంత పచ్చగా కనిపించినా, లోపల వేరు కుళ్లిన చోటల్లా నీటికి దారి పడుతుంది. కట్ట అడుగున ఊట ఉండేది. మట్టికట్టకు ఊట ఉండడం వింతేమీ కాదు. తేటగా కారినంతకాలం ఫరవాలేదు. బురదగా వచ్చిందంటే మాత్రం కట్టలోని మట్టే కొట్టుకొస్తున్నట్టు. ఆ నీళ్లను గాజుగ్లాసులో పట్టి, వెలుతురుకెత్తి చూసే మనిషి వారానికొకసారి వచ్చినా నాకు చాలు. 1973లో ఆ వాలు మీద 12 అడుగుల ఎత్తున, 30 అడుగుల వెడల్పున మట్టి జారింది. ఫొటోలో కూడా కనిపించింది. అంతకన్నా గట్టిగా నేనేం చెప్పగలను?

1977 నవంబరు మొదటి రోజుల్లో వాన వదల్లేదు. 6వ తేదీ, ఆదివారం, ఇంకా తెల్లవారకముందే ఒకటిన్నరకు గండి పడింది. జలపాతం కింద విద్యార్థుల వసతిగృహం, ట్రైలర్ ఇళ్లు. అందరూ నిద్రలో ఉన్నారు. 39 మంది పోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు. ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు మింగుడుపడదు.

ఇదొక్కటే కారణమని విచారణలో తేలలేదు. నిటారు వాలు జారడం, లోపల నీరు మట్టిని తొలిచేయడం, ఇవన్నీ కలిసే నన్ను తెంచాయన్నారు. నిజానికి ఇలాంటి కట్టలను తనిఖీ చేయాలనే కేంద్ర చట్టం 1972లోనే వచ్చింది, కానీ ఆ తనిఖీలకు డబ్బే ఇవ్వలేదు. నేను తెగాకే అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సైన్యం ఇంజనీర్లను పంపించారు. ప్రమాదకరమైన చోట ఉన్న కట్టలు 8,000కు పైగా చూస్తే, దాదాపు మూడో వంతు భద్రంగా లేవని తేలింది.

1978లో జార్జియా తన సొంత చట్టం చేసింది. అందులో నాకు నచ్చింది ఒకటుంది. కట్ట తెగితే కింద ప్రాణాలు పోతాయా అన్నదే అక్కడ లెక్క. కట్టలో మార్పేమీ లేకపోయినా, దాని దిగువన కొత్తగా ఇళ్లు లేస్తే ఆ కట్టను మళ్లీ లెక్కగట్టి, గట్టి తనిఖీ కిందికి తేవాల్సిందే.