ఐదు సెంట్ల నాణేన్ని ఒక్క చూపులో తేల్చేయడం ఎలా?

పాత అమెరికన్ నికెల్ కొనాలని బయల్దేరేవారు ముందుగా భూతద్దాన్ని సొరుగులో పెట్టి తాళం వేయాలి. బిళ్ల వెడల్పు 21.2 మిల్లీమీటర్లు. దాన్ని పెద్దది చేసి చూస్తే లోపాలు కూడా పెద్దవవుతాయి. డబ్బిచ్చి మరీ బాధ కొనుక్కోవడం దేనికి?

తర్వాత, అచ్చు సరిగా పడకపోవడం, వాడకంలో అరిగిపోవడం రెండూ ఒకటేనని నమ్మండి. బుర్రకు ఎంత హాయో చెప్పలేను. 1913 నుంచి 1938 దాకా వచ్చిన బఫెలో నికెల్‌నే తీసుకోండి. జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ ఒకవైపు అమెరికా ఆదివాసి తల, రెండోవైపు అడవిదున్నను రూపొందించాడు. ఆదివాసి జడ ముడి పైనున్న జుట్టు, దున్న మూపు, కొమ్ము చదునుగా కనిపించాయా, వెంటనే ‘అరిగింది’ అని పెదవి విరవండి. నాణేన్ని దీపం కింద వాల్చి తిప్పితే ఆ చదును మీద కూడా మెరుపు తెగకుండా పరుగెడుతోందా? కళ్లు మూసుకోండి. నాణేన్ని అచ్చు వేసే దిమ్మె, అంటే డై, లోతుల్లోకి లోహం చేరకపోతే అచ్చుకు ముందు బిళ్ల మీదున్న గరుకూ గీతలూ అక్కడ అలాగే మిగులుతాయనీ, అరిగిన నాణెమైతే ఎత్తైన చోట్ల మొదట పోయేది ఆ మెరుపేననీ, రంగు కూడా బూడిదబారుతుందనీ కొందరు చెబుతారు. మీ బేరాన్ని చెడగొట్టాలని చూసేవాళ్ల మాటలవి.

1926లో డెన్వర్ టంకశాల కొట్టిన నికెళ్ల దగ్గర ఈ సూత్రం బాగా పనిచేస్తుంది. పేరు నికెల్ గానీ అందులో 75 పాళ్లు రాగి, 25 పాళ్లే నికెల్. ఆ పాతిక పాళ్లు చాలు, లోహం మొండికేయడానికి. డైలు ఎక్కువ రోజులు మన్నాలని వాటి మధ్య ఎడం కాస్త పెంచేవారు, అరిగిన డైలను కూడా అంత త్వరగా వదిలేవారు కాదు. అందుకే ఏ జేబులోనూ పడని 1926-డి సైతం ఊళ్లన్నీ తిరిగొచ్చినట్టు ఉంటుంది. అలాంటిది మీ దగ్గరుంటే అరిగిన నాణెం ధరకే ఇచ్చేయండి. కొన్నాయన ప్రతి దీపావళికీ మీకు మిఠాయిలు పంపుతాడు. నిజంగా అరిగిపోయినదాన్ని అమ్మాల్సి వస్తే మాత్రం మాట మార్చి ‘అచ్చు లోపమండీ, పాపం టంకశాల తప్పు’ అనండి.

ఇక 1938లో ఫెలిక్స్ ష్లాగ్ రూపకల్పనతో వచ్చిన జెఫర్సన్ నికెల్. వెనకవైపు మాంటిసెల్లో భవనం, దాని ముందు మెట్లు ఉంటాయి. ఐదు మెట్లైనా ఈ చివర నుంచి ఆ చివర దాకా విడివిడిగా ఉంటేనే గ్రేడింగ్ కంపెనీలు ‘ఫుల్ స్టెప్స్’ అని రాస్తాయి. ఆ రెండు మాటలతో ధర ఎక్కడికో పోతుంది. అలిపిరి నుంచి కొండెక్కేవాళ్లు కూడా ప్రతి మెట్టూ లెక్కపెట్టరు, మీకెందుకు ఆ తాపత్రయం? మరీ లెక్కపెట్టాలనిపిస్తే చివర్లలో పెట్టండి. మధ్యలో, స్తంభాల కింద, చూపు పోనివ్వకండి. గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేది అక్కడే. మెట్లకు అడ్డంగా గాటు పడి రెండు కలిసిపోతే దాన్ని ఇంకో మెట్టుగా కలుపుకోండి, మొత్తం ఆరైనా అవుతుంది. 1953, 1954 శాన్‌ఫ్రాన్సిస్కో నాణేల్లో పూర్తి మెట్లు దొరకడం మహా కష్టమంటారు. అమ్మేవాడు ఉన్నాయన్నాడు కదా, ఉన్నట్టే. ఒకసారి ఐదు మెట్లు తేలాక నాణేన్ని బోర్లా తిప్పవద్దు. జెఫర్సన్ చెంప మీది గాట్లు ఆయన సొంత వ్యవహారం. 1938 నాణెం మీద మెట్లు అలలుగా ఉంటే దుకాణదారును నాలుగు మాటలనండి. మొదటి అచ్చులోనే అవి అలా ఉండేవని, తర్వాత మార్చిన అచ్చుతోనే గీతలు సూటిగా వచ్చాయని ఆయన చెప్పబోతే వినిపించుకోకండి.

బఫెలో నికెల్ మీద సంవత్సరం చెరిగిపోయిందా? అంకెలు బాగా ఉబ్బెత్తుగా ఉండటం వల్ల ముందుగా అరిగేవి అవే. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయండి, అంకెలు దయ్యాల్లా మళ్లీ పైకి లేస్తాయి. చుట్టూ గరుకు మచ్చ పడుతుంది, అంతే. అది పాతదనపు గుర్తని కొనేవాళ్లకు చెప్పండి. వాళ్లు దాన్ని అక్కడే వదిలి వెళ్లిపోతే మరీ మంచిది, మీ సేకరణ చెక్కుచెదరదు.

ఆఖరుగా, మూడు కాళ్ల దున్న. 1937లో డెన్వర్‌లో ఒక డైని మరీ ఎక్కువగా సానబట్టడంతో ముందు కాలొకటి మాయమైంది, గిట్ట మాత్రం మిగిలింది. అసలు నాణెం మీద కడుపు కింద నుంచి నేలవైపు చుక్కల వరస ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, వెనక కాలు కూడా తినేసినట్టు సన్నగా ఉంటుంది. ఇవేవీ వెతకకండి. కాళ్లు మూడున్నాయా అన్నదొక్కటే చూసి డబ్బు లెక్కపెట్టండి. మామూలు నాణెం మీద కాలు గీకిన మనిషి ఎంత ఓపిగ్గా గీకి ఉంటాడో, ఆ కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి కదా.