లబ్ దగ్గర ఆగిన పాఠం

నాకు కళ్లు నాలుగు. ముందున్న పలక నాలుగు మూలల్లో నాలుగు కెమెరాలు. గదిలో నేను ఎక్కడున్నానో, నేల ఎంత కిందుందో వాటితోనే కనిపెడతాను. లోపల ఉన్న జైరోస్కోప్ తల కదలికను సెకనుకు కొన్ని వందలసార్లు కొలుస్తుంది. ఈ రెండు లెక్కలూ కలిపి, మీ తల ఎటు తిరిగితే అటువైపు లోకాన్ని మీ కళ్ల ముందు గీస్తాను. సెకనుకు 72 బొమ్మలు. ఒక్కో బొమ్మకు నాకున్న గడువు 14 మిల్లీసెకన్ల లోపే. తల తిరిగాక 20 మిల్లీసెకన్లు దాటినా బొమ్మ మారకపోతే మనిషికి తేడా తెలిసిపోవచ్చు, కొందరికి కడుపులో తిప్పుతుంది.

గుంటూరులో ఒక నర్సింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటాను. అరకిలో బరువున్న వీఆర్ హెడ్‌సెట్‌ని. మా వంశంలో పెద్దాయన 1968 నాటివాడు. హార్వర్డ్‌లో ఐవాన్ సదర్లాండ్, ఆయన విద్యార్థి బాబ్ స్ప్రౌల్ కలిసి తయారుచేశారు. పైకప్పు నుంచి దిగిన ఒక లోహపు చెయ్యి తల కదలికను కొలిచేది, కళ్ల ముందు వెలుగు గీతలతో ఒక ఘనాకారం తేలేది. 2012లో ఓక్యులస్ రిఫ్ట్ కోసం కిక్‌స్టార్టర్‌లో జనం 24 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. ఆ రెండు హెడ్‌సెట్‌లకూ మెదడు బయట ఉండేది, పక్కనున్న కంప్యూటర్‌లో. నాకు మెదడు, బ్యాటరీ, తెర అన్నీ ఈ అరకిలోలోనే. హ్యాంగ్ అయితే నొక్కడానికి కీబోర్డు లేదు. కుడి పక్కన ఒక పవర్ బటన్, కింద శబ్దం పెంచే, తగ్గించే మీటలు. అంతే.

మే నెలలో ఒక మధ్యాహ్నం. మొదటి సంవత్సరం అమ్మాయి నన్ను పెట్టుకుని గుండె పాఠం తెరిచింది. గదంత పెద్ద గుండె, ఆ అమ్మాయి ఎడమ జఠరికలో నిలబడి ఉంది. 'లబ్' అన్నప్పుడు పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న కవాటాలు మూసుకుంటాయి, 'డబ్' అన్నప్పుడు బయటికి వెళ్లే ధమనుల దగ్గరివి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కలిసిపోయే ఈ రెండూ, కవాటం పక్కన నిలబడి వింటే కలవవు. ఈ పాఠం చూపించేటప్పుడు నా పనికి ఒక అర్థం ఉందనిపిస్తుంది నాకు.

బృహద్ధమని కవాటం చూద్దామని తల పైకెత్తింది. నేను బొమ్మ మార్చలేకపోయాను. లోపల ఒక పని, ఇంకో పని వదలాల్సిన మెమరీ కోసం ఆగింది, ఆ రెండోది మొదటిదాని కోసం ఆగి ఉంది. ఒకదానికోసం ఒకటి కాచుకుని రెండూ కదలలేదు. తెర మాత్రం తనకు అందిన ఆఖరి బొమ్మనే మళ్లీ మళ్లీ చూపిస్తోంది. స్పీకర్‌లో మిగిలిన చిటికెడు శబ్దం తిరిగి తిరిగి వస్తోంది: లబ్, లబ్, లబ్. డబ్ రాలేదు. తల తిరిగిందని చెవి లోపలి సమతుల్యపు నాళాలు చెబుతున్నాయి, తిరగలేదని కళ్లు చెబుతున్నాయి. "మేడమ్, స్ట్రక్ అయిపోయింది, కళ్లు తిరుగుతున్నాయి" అంది.

"ముందు తీసెయ్యమ్మా. కూర్చో. మంచినీళ్లు తాగు." ల్యాబ్ మేడమ్ మొదట మనిషిని చూసుకుంటారు, తర్వాతే నన్ను. నన్ను కిటికీకి దూరంగా, కటకాలు కిందికి ఉండేలా గుడ్డ మీద పెట్టారు. ఎండ సూటిగా కటకాల్లో పడితే తెర మీద మచ్చ కాలిపోతుంది. ఆ మచ్చ ఏ రీస్టార్ట్‌కీ పోదు.

ఈలోపు ఒక కుర్రాడు పవర్ బటన్‌ను టకటకా నొక్కేశాడు. చాలామంది చేసే పనే ఇది. నా ప్రాసెసర్ ఎంత బిగుసుకున్నా, కరెంటు పంచే చిన్న చిప్పు ఒకటి నాలో మేలుకునే ఉంటుంది. దాని గడియారం దానిదే. బటన్ మీద వేలు ఎంతసేపు ఉందో అది లెక్కపెడుతుంది. వేలు తీయగానే లెక్క మళ్లీ మొదటికి. వందసార్లు నొక్కినా ఆ లెక్క పూర్తికాదు.

"ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేద్దామా మేడమ్?" అన్నాడు.

"ఆగు నాన్నా. అది చేస్తే పాఠాలన్నీ పోతాయి, మళ్లీ ఎక్కించాలి. అది ఆఖరి మాట."

చార్జర్ పెట్టి దీపం వెలిగిందా అని చూశారు. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే నేను చచ్చినట్టే కనిపిస్తాను, అప్పుడు అరగంట చార్జింగే మందు. చేతిలో పట్టుకునే కంట్రోలర్ల సెల్స్ చూశారు. అవి అయిపోయినా నేనే హ్యాంగ్ అయ్యానని నామీదే అనుమానం వస్తుంది. కటకాల మధ్య, ముఖం ఉందో లేదో పసిగట్టే సెన్సార్‌ను మెత్తని గుడ్డతో తుడిచారు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు పవర్ బటన్ మీద బొటనవేలు పెట్టి నొక్కిపట్టారు. ఐదు సెకన్లు. తెర మారలేదు. "కావట్లేదు మేడమ్" అన్నాడు కుర్రాడు. ఆవిడ వేలు తీయలేదు. పది దాటింది.

లెక్క నిండగానే ఆ చిన్న చిప్పు ప్రాసెసర్‌ను అడగలేదు, కరెంటు తెంపి మళ్లీ ఇచ్చింది. ఒకదానికోసం ఒకటి కాచుకున్న ఆ రెండు పనులూ మెమరీతోపాటే చెరిగిపోయాయి. సేవ్ కాని కొన్ని నిమిషాల పాఠం కూడా పోయింది. స్టోరేజీలో ఉన్నవన్నీ ఉన్నాయి. కాసేపటికి తెర మీద గుర్తు వెలిగింది, కెమెరాలు తెరుచుకుని గది మూలలు వెతుక్కున్నాను.

అలా నొక్కిపట్టినా లేవకపోతే ఇంకో దారి ఉండేది: నన్ను ఆపి, పవర్ బటన్, శబ్దం తగ్గించే మీట కలిపి పట్టుకుంటే ఒక నల్లటి మెనూ వస్తుంది. అందులో మామూలుగా తెరవడమూ ఉంటుంది, అన్నీ చెరిపేయడమూ ఉంటుంది. తొందరలో తప్పు వరస ఎంచుకునే ప్రమాదం ఉంది.

సాయంత్రం మేడమ్ నా స్టోరేజీ తెరిచి చూశారు. పిల్లలు పాఠం చూస్తూ రికార్డు చేసుకున్న వీడియోలతో దాదాపు నిండిపోయి ఉంది. అవసరమైనవి ల్యాబ్ కంప్యూటర్‌లోకి ఎక్కించి మిగతావి తీసేశారు. వారానికోసారి, హ్యాంగ్ కాకపోయినా, నన్ను పూర్తిగా ఆపి తెరవాలని రిజిస్టర్‌లో రాశారు. ఆ వరసలో మొదటి సంతకం ఆ కుర్రాడిది.