అరుగు పోయె, డెక్కు వచ్చె

"ఒక్కసారి వేయించుకుంటే జన్మలో మళ్లీ చూసుకోనక్కర్లేదండి." కోనసీమలో కొత్తిల్లు కట్టేవాడికి టైల్స్ షాపులో దక్కే తొలి ఆశీర్వచనం ఇది. ఆయ్, నిజమేనండి. వేయించాక చూసేవాడెవడు? ఇంటాయన కువైట్‌లో, కొడుకు డాలస్‌లో, తాళంచెవి పక్కింట్లో. అయినా ఆ తాళం పడిన తలుపు ముందు ఓ డెక్ మాత్రం ఉండి తీరాలి.

ఆ డెక్ చెక్కలా ఉండాలి. కానీ చెక్క కాకూడదు. చెక్కయితే చెద పట్టేస్తుందట. అందుకని గుజరాత్‌లోని మోర్బీ నుంచి, చారలూ ముడులూ అచ్చేసిన టైల్స్ లారీలెక్కి వస్తాయి. తీరిగ్గా కూర్చుని చూడండి: నాలుగు పలకలు దాటగానే అదే ముడి, అదే చోట, అదే వంకరతో మళ్లీ ఎదురవుతుంది. పక్కనే పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. కోనసీమలో గడ్డి కొనుక్కోవడం కూడా చూశాం, ఇక చూడాల్సిందేం మిగల్లేదు.

చెయ్యి ఇంకాస్త ఆడేవాళ్లకి డబ్ల్యూపీసీ ఉంది. రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి కరిగించి, పలకలుగా లాగిన సరుకు. దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో పెరటి డెక్కులు పైన్ చెక్కతో కట్టుకుని, ఏడాదీ రెండేళ్లకోసారి రంగు పూయలేక విసిగిపోయినవాళ్లకి అది దొరికింది, వాళ్లకి పనికొచ్చింది. కానీ దానికీ కొన్ని పట్టింపులున్నాయి. ఎండకి సాగుతుంది గనక పలకకీ పలకకీ మధ్య సందు వదలాలి. కింద గాలాడాలి, పడ్డ నీళ్లు పోవాలి. మన మేస్త్రికి సందు కనపడితే పనితనానికి మచ్చ. సిలికాన్ కుక్కి మరీ మూసేస్తాడు. మే నెలొచ్చేసరికి పలక వీపు విరుచుకుని లేస్తుంది. ఇక కింద గాలాడితే కట్లపాము కాపురం పెడుతుందని ఇల్లాలి భయం. ఆ భయం అబద్ధమని రాజోలులో ఎవరూ అనలేరు.

స్వదేశాభిమానులు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయిస్తారు. దేశదేశాలకి ఎగుమతయ్యే రాయి. వంటగట్టు మీద దానికి తిరుగులేదు. కానీ నల్లరాయికి అద్దంలా పాలిష్ పట్టించి ఆరుబయట పరిస్తే మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు, శ్రావణంలో కాలు నిలవనివ్వదు.

ఆ డెక్కుకో స్టీలు రెయిలింగు. "304 గ్రేడండి, చూడండి, అయస్కాంతం అంటుకోదు" అని షాపాయన పరీక్ష పెట్టి మరీ చూపిస్తాడు. 202కీ అంటుకోదు మరి! ఆ ముక్క ఆయన చెప్పడు. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి చెబుతుంది, రెండు వర్షాకాలాలు పోయాక, ఎర్రటి చారల్లో. సముద్రం దగ్గర 304 కూడా మచ్చపడుతుంది. అక్కడ వాడాల్సింది 316. ధర వినగానే కొనేవాడే మాట మార్చేస్తాడు.

ఇంతకీ పాత మండువా ఇళ్ల అరుగు ఏ మెటీరియల్‌తో నిలబడింది? గానుగ సున్నం, నాపరాయి అని టక్కున చెబుతారు. అసలు సరుకు వాటికి పైనుండేది: చూరు. ముందుకి వంగిన పెంకుల చూరు ఎండనీ జల్లునీ అరుగు దాకా రానిచ్చేది కాదు. నీడా పొడీ ఉన్నచోట నాపరాయైనా, టేకైనా, సిమెంటు గచ్చయినా నాలుగు కాలాలపాటు ఉంటాయి. డెక్కుకి చూరు పెడదామంటే ఎలివేషన్ దెబ్బతింటుందని ఇంజినీరు ఒప్పుకోడు. గొడుగు తీసేసి, తడవని చొక్కా కోసం ఊరంతా తిరగడం మన వంతు. అలాగని ఆ అరుగులు అందరినీ కూర్చోనిచ్చాయని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఎవరు ఎక్కాలో, ఎవరు కింద నిలబడాలో కులం చెప్పేది. నేను పొగిడేది చూరుని, ఆ పెద్దరికాన్ని కాదు.

ఎత్తు సంగతి కూడా అంతే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకే. లంకల్లో ఇల్లు కట్టేవాడు 'డెక్ ఏ రంగు' అనే ముందు 'ఎన్ని అడుగులు' అనాలి. రంగు పుస్తకంలో ఆ పేజీ లేదు.

ఇక కొబ్బరి. 1996 నవంబరు 6 తుపానులో లెక్కలేనన్ని చెట్లు నేలకొరిగిన సీమ ఇది. ముదురు చెట్టు మొదట్లో, బెరడు వైపు కర్ర గట్టిది; లోపలిది మెత్తన. మందు పట్టించకుండా తడిలో పెడితే కుళ్లిపోతుంది. శుద్ధి చేసి చూరు కింద వాడితే పనికొస్తుంది. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి భార్యగా ఉన్న రోజుల్లో ఇమెల్డా మార్కోస్ మనీలాలో కొబ్బరితో ఏకంగా ఓ భవనమే కట్టించింది. మన దగ్గర ఆ మాను ముక్కలై ఇటుక బట్టీకి పోతుంది. అది కాల్చిన ఇటుక మీదే మోర్బీ వారి చెక్కబొమ్మ అతుక్కుంటుంది.

కొనాలనే ఉంటే కొనండి. ముందు శాంపిల్ పలకని షాపు బయట, మిట్టమధ్యాహ్నం ఎండలో ఓ గంట పెట్టించండి. తర్వాత బిందెడు నీళ్లు పోయించి, సబ్బు నురగ చల్లించండి. "జన్మలో చూసుకోనక్కర్లేదు" అన్న కుర్రాణ్ని, ముందు ఎండలోనూ తర్వాత నురగలోనూ, చెప్పులు విప్పి నాలుగడుగులు వేసి చూపించమనండి. అతను చెప్పులు విప్పితే అడ్వాన్సు ఇచ్చేయండి.