రుమాలు ధర్మశాస్త్రము

నోరు మూసికొనుమని ఇతరులను ఆజ్ఞాపించుటకు మనుష్యునకు ఏదో యొక అధికారముండవలెను: బడిపంతులైన కావలెను, న్యాయాధిపతియైన కావలెను, లేదా ఇంట మూలుగుచు పడియున్న జ్వరపీడితుడైన కావలెను. ఈ మూటిలో ఏదియు కాని మా బావమరిది, బ్యాంకు ఉద్యోగమునుండి విశ్రాంతి పుచ్చుకొని మా మేడమీది వాటాలో దిగినవాడు, తన టీవీకంటె మా హాలులోని టీవీ పెద్దదను ఏకైక కారణముచేత రాత్రులందు క్రిందికి దిగివచ్చి, మా యింటిల్లిపాదిని "ష్!" అను ఏకాక్షరమంత్రముతో పరిపాలించుచున్నాడు. అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమందలి ఆగస్టా నగరమున మాస్టర్స్ అను గోల్ఫు పందెములు జరుగుచున్నవట. అచ్చటివాడెవడో బంతిని గుంతలోనికి నెట్టబోవుచుండగా ఇచ్చట నేను దగ్గకూడదట.

ఆ మహానుభావుడు నిశ్శబ్దమును కోరిన స్థలమెట్టిదో చదువరులు చిత్తగింపవలెను. మా యిల్లు హైదరాబాదు అమీర్‌పేటలో, కంప్యూటరు కోర్సుల అడ్డాయగు మైత్రీవనమునకు వెనుక సందులో ఉన్నది. పగలెల్ల "ఫ్రీ డెమో" కరపత్రములు పంచువారి కేకలు, ఆటోల హారన్లు, పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రివైపు పరుగెత్తు అంబులెన్సుల కూతలు, నెత్తిపై మెట్రో రైలు. రాత్రి ప్రొద్దుపోయిన పిదప హాస్టలు కుర్రవాండ్రు బజ్జీలబండి చుట్టును చేరి, ఏ కోర్సు నేర్చిన ఏ కంపెనీలో ఎంత జీతము వచ్చునో సలుపు వాదప్రతివాదములు. ఇన్నేండ్లుగా ఈ రొదలో నిశ్చింతగా నిద్రించిన నేను, ఇప్పుడు ఇంటిలోని నిశ్శబ్దమునకు ఉలికిపడి లేచుచున్నాను.

పందెములు గురువారము మొదలు ఆదివారము వరకు నాలుగు దినములు జరుగును. వారి సాయంకాలము మనకు తెల్లవారుజాము గనుక, ఆట రసకందాయమున పడు సమయమునకే మా ఆవిడ లేచి పచ్చడికి మిక్సీ వేయును. "అక్కా, ఆపవే! పదిహేడో గుంత!" అని ఆతడు గొంతు చించుకొని అరచును. నిశ్శబ్దము కొరకు ఇంత పెద్దగా అరచిన మనుష్యుని నా జీవితమున చూచి యెరుగను. "వాడి గుంతకీ నా దోసకాయ పచ్చడికీ ఏంట్రా సంబంధం?" అని ఆమె న్యాయముగానే అడిగినది, సమాధానముగా మరల "ష్!"

ఈ ఆగస్టా మైదానపు నియమములను ఆతడు ప్రతిరాత్రియు మాకు పారాయణ చేసి వినిపించుచున్నాడు. అచ్చట ప్రేక్షకులు పరుగెత్తరాదు. మొబైలు ఫోను లోనికి తేరాదు. ప్రేక్షకులను ప్రేక్షకులని పిలువక "పేట్రన్లు" అని గౌరవించెదరు. పద్దెనిమిది గుంతలలో ప్రతిదానికిని ఒక చెట్టు పేరో పూల పేరో ఉన్నది. గెలిచినవానికి ఆకుపచ్చని కోటు తొడిగెదరు. 1934లో మొదలైన ఈ పందెములకు, దేశదేశముల ఉత్తమశ్రేణి ఆటగాండ్రలో ఏరిన సుమారు 90 మందికి మాత్రమే ఆహ్వానమట. 2021లో జపాను దేశీయుడగు మత్సుయామా గెలిచినప్పుడు, ఆతని కర్రలు మోయు కేడీ జెండాకర్రను తిరిగి కడపటి గుంతలో నిలిపి, మైదానమునకు వంగి నమస్కరించెనట. ఆ కథ చెప్పిన రాత్రి మా బావమరిది టీవీ కట్టివేయుటకు ముందు దానికి వంగి నమస్కరించెను. నడుము పట్టుకొన్నది. జండూబాం మేమే పూసితిమి.

ఇంతటి భక్తికి మూలమేమనిన, ఆ ఆటగాండ్రలో ఒకడు మనవాడు. సాహిత్ తీగల 1997లో కాలిఫోర్నియాలో పుట్టినను, తల్లిదండ్రులు కరుణ, మురళీధర్ గారలది హైదరాబాదు. తండ్రి 1987లో పైచదువునకై అమెరికా వెళ్లినవాడు. కుమారుడు 2023 ఏప్రిల్‌లో మొట్టమొదటిసారి ఆగస్టాలో ఆడి తొమ్మిదవ స్థానమును పంచుకొనెను. ఆ సెప్టెంబరులోనే నాపాలో జరిగిన పోటీలో పీజీఏ టూరు అను అమెరికా వృత్తిపోటీలలో తన తొలి విజయమును సాధించెను. ఇంతవరకు ఆనందమే. కాని మా బావమరిది అంతటితో ఊరకుండక, మా మేనత్తగారి తోడికోడలి పుట్టింటివారికి తీగలవారితో ఏదో వియ్యమున్నదని కనిపెట్టి, ఫోనులో చుట్టములనెల్ల విచారించుచున్నాడు. తీగ లాగుట ఆతని పని. డొంక కదలుటచేత చెడునది నా నిద్ర.

ఆతడెన్నడును గోల్ఫుకర్రను పట్టి యెరుగడు. గోలకొండ నయాకిలా ప్రక్కనున్న మైదానమునకు ఒకనాడు వెళ్లి, కంచె ఈవలనుండి చూచి వచ్చెను. అయినను "మైనస్ పది" అని ఆతడు ఉప్పొంగి కేక వేయుచుండగా, మార్కులు తగ్గిన బిడ్డను పస్తు పండబెట్టు పేటలో ఎన్ని తగ్గిన అంత ఘనుడను ఆట ఒకటున్నదా యని మా ఎదురింటి ఎంసెట్ పిల్లవాడు కిటికీనుండి ఆశతో చూచుచుండెను.

ఇవన్నియు సహించితిని. నేను సహింపలేనిది కుర్చీల సంగతి. ఆగస్టాలో ప్రేక్షకుడు ఉదయముననే ఒక మడతకుర్చీని తనకు నచ్చినచోట వేసి, దాని వీపున తన పేరుచీటీ తగిలించి, రోజంతయు మైదానమెల్ల తిరిగి, సాయంకాలమునకు తిరిగివచ్చి దర్జాగా కూర్చుండునట. ఈలోగా అందెవరైన కూర్చున్నను, యజమాని రాగానే లేచిపోదురట. కావలి లేదు, గొలుసు లేదు, తాళము లేదు! దీనిని వినినంతనే నాలోని హైదరాబాదు పౌరుడు తిరుగబడెను. ఏలయన, కూర్చుండుచోటును ముందుగా పట్టియుంచు శాస్త్రమున మనము పుట్టించిన సిద్ధాంతములముందు ఈ ఆగస్టావారు పసికూనలు. చదువరులు క్షమింతురు గాక, రుమాలు ధర్మశాస్త్రమును గూర్చి నేనిచ్చట సవిస్తరముగా చెప్పవలసియున్నది.

పటాన్‌చెరువునుండి కోఠీకి పోవు బస్సు అమీర్‌పేటలో ఆగక ఆగినప్పుడు, క్రిందనున్నవాడు కిటికీగుండ రుమాలు విసరి సీటు పట్టుట అనాదిసిద్ధమైన ఆచారము. అయితే ఆ సీటుపై హక్కు రుమాలు పడిన క్షణమున పుట్టునా, రుమాలుగలవాడు లోనికి చేరిన క్షణమున పుట్టునా యను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. వస్త్రవాదులు మొదటి పక్షమువారు; దేహవాదులు రెండవ పక్షమువారు. క్రిందనున్నంతసేపు ప్రతివాడును వస్త్రవాదియే. పైకెక్కి, రుమాలు పరచిన ఖాళీసీటును చూచిన తక్షణము దేహవాదిగా మారిపోవును. ఇంత శీఘ్రముగా మతము మార్చుకొనువారిని మరి యే రంగమునను చూడము, రాజకీయములందు తప్ప.

వస్తువులలో తారతమ్యములు గలవు. వార్తాపత్రిక మిక్కిలి బలహీనము; దానిని తీసి చదువుకొనుచు దానిచోటనే కూర్చుండువారున్నారు. సంచి మధ్యమము. చున్నీ ఉత్తమము, దానిని తాకుటకు మగవాడెవడును సాహసింపడు గనుక. 2023 డిసెంబరులో ఆడువారికి ఉచిత ప్రయాణము వచ్చిన తరువాత దాని ప్రాబల్యము మరింత హెచ్చినది. సాంబారుగల టిఫిన్ క్యారియరు అత్యుత్తమము. దానిని కదల్చిన జరుగబోవు అనర్థము అందరును ఎరుగుదురు. సర్వోత్తమమైనది పసిబిడ్డ. బిడ్డను కిటికీగుండ లోనికందించిన తల్లికి సీటు దక్కకుండుటను నేను చూడలేదు. ఒకొక్కతరి బిడ్డ ముందు, బస్సు ముందు, తల్లి వెనుక అయిన సందర్భములు మాత్రము గలవు. తగవు ముదిరిన తీర్పరి కండక్టరే కావలెను గదా. "నాకేం సంబంధం, ముందు టికెట్ తీయండి" అనునదే ఆ న్యాయస్థానము నేటివరకు ఇచ్చిన ఏకైక తీర్పు.

పంజగుట్టలో నేను కనులార చూచిన వ్యాజ్యమొకటి గలదు. ఒక పెద్దమనిషి, ఇస్త్రీమడత చెడని తెల్లరుమాలును సీటుపై వేసి, త్రొక్కిసలాటలో ఈది పైకి వచ్చునప్పటికి, వేరొకడు ఆ సీటున సుఖాసీనుడై, ఆ రుమాలుతోనే మెడ తుడుచుకొనుచుండెను. "అది నా రుమాలండీ!" అనగా అతడు మిక్కిలి మర్యాదతో దానిని మడిచి, "అయ్యో, మీదేనా? తీసుకోండి, థాంక్సండీ" అని యిచ్చి, కదలక కూర్చుండెను. రుమాలు యజమానికి చేరినది, సీటు చేరలేదు. న్యాయము సగము జరిగిన దానికి ఇంతకంటె చక్కని దృష్టాంతము లేదు.

మెట్రో వచ్చి ఈ శాస్త్రమును సమూలముగా నశింపజేసినది. ఆ కిటికీలు తెరచుకొనవు. మియాపూరునుండి ఎల్బీనగరుకును, నాగోలునుండి రాయదుర్గమునకును పోవు దారులు కలిసికొనునది అమీర్‌పేటలోనే గావున, సాయంకాలమున రుమాలు విసరుట యటుండనిండు, జేబులోని రుమాలును తీసి చెమట తుడుచుకొనుటకైన చేయి పైకి రాదు.

ఈ శాస్త్రార్థమునంతయు వినిపించి, "మనుషులు మనుషులేరా, ఎవరూ చూడకపోతే కుర్చీ మీద ఎవరైనా కూర్చుంటారు, లేవరు" అని నేను తీర్మానింపగా, మా బావమరిది ఆ రాత్రి మొదటిసారిగా టీవీ శబ్దము తగ్గించి, "బావగారూ, ఇసుక సంగతి వినండి" అనెను.

2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానమున టూర్ ఛాంపియన్‌షిప్ జరిగినది. ఆ ఏటి పోటీలన్నిటిలో ముందు నిలిచిన 30 మందికే అందు ప్రవేశము. మూడవ దినమున, మూడవ గుంత దారిలో, సాహిత్ బంతి ఇసుకగోతిలో పడెను. బంతిని కొట్టుటకై కర్రను వెనుకకు తీయునప్పుడు అది ఇసుకను తాకరాదని నియమము. ఆతని కర్ర కొలది రేణువులను కదల్చినట్లు ఆతనికి తోచెను. ఎవరును వేలెత్తి చూపలేదు. ఆతడే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల జరిమానాను తలపై వేసికొనెను. పోటీ ముగియునప్పటికి ఆతడు మైనస్ 24తో మూడవవాడు. రెండవవాడగు మొరికావా మైనస్ 26. ఆ రెండు దెబ్బలు లేకున్న ఇరువురును సమానులై, రెండు మూడు బహుమానములను కలిపి చెరిసగము పంచుకొనియుందురు. మూడవ బహుమానము 75 లక్షల డాలర్లు, రెండవది 125 లక్షలు. లెక్క వేసి చూడుడు: ఆ గుప్పెడైనను లేని ఇసుక ఖరీదు 25 లక్షల డాలర్లు, మన రూపాయలలో 20 కోట్లకు పైమాటయే. హైదరాబాదులో లారీ ఇసుక ధర చూచి గుండెలు బాదుకొను గృహస్థులు ఈ మాటను రెండవసారి చదువవలదని మనవి.

ఆ ఆగస్టా మైదానమును స్థాపించిన బాబీ జోన్స్ సైతము 1925లో అమెరికా ఓపెన్ పోటీలో, గడ్డిలో తన బంతి కొంచెము కదలినదని తానే చెప్పి ఒక దెబ్బ జరిమానా కట్టుకొనెనట. ఆ దెబ్బ లేకున్న నేరుగా గెలిచియుండెడివాడు. ఉండుటచేత సమమై, తిరిగి ఆడి, ఓడిపోయెను. ఆ ఆటలో ఆటగాడే తనకు మొదటి తీర్పరి. ఇది వినిన పిమ్మట నా రుమాలు సిద్ధాంతమును మడిచి జేబులో పెట్టుకొంటిని గాని, మనస్సు స్థిమితపడలేదు.

ఏలయన, మరునాటి ఉదయము పాలపొట్లమునకై వెళ్లి మైత్రీవనము ఎదుట నిలిచితిని. అచ్చట ఉద్యోగము వెదకు కుర్రవాండ్రు: భుజమున సంచి, చేత ఫైలు, ఒకొక్క ఫైలులో ఒకొక్క తండ్రి అమ్మిన అరయెకరము. ఇరువదిరెండేండ్ల కుర్రవాని నుండి కంపెనీవారు మూడేండ్ల అనుభవము కోరెదరు. ఈ పేటలో జావా నేర్పినట్లే ఆ మూడేండ్లను కాగితముపై సృష్టించి యిచ్చువారును ఉన్నారని ఎరుగనివారు లేరు. ఆ కుర్రవాడును ఇసుకను కదల్చినవాడే. "నాకు అనుభవము లేదు" అని ఆతడు నిజము చెప్పినచో, సాహిత్‌కువలె మూడవ బహుమానమేదియు మిగిలియుండదు. హాస్టలు అద్దె మాత్రము మిగులును. నిజము పలుకుటకు కలిగినవాడు చెల్లించు మూల్యమును చూచి చప్పట్లు కొట్టు మనము, లేనివాడు చెల్లించు మూల్యమును ఎన్నడైన లెక్క వేసితిమా? నేను వేయలేదు, ఆ ఉదయము వేయవలసివచ్చినది. ఆ కుర్రవాండ్రలో సాహిత్‌కు గల చేతినేర్పు గలవాడెవడైన ఉన్నను తెలియు ఉపాయము లేదు. ఇచ్చటి పిల్లలు క్రికెట్టు ఆడుకొనునది సెల్లారు పార్కింగులోని రెండు కార్ల నడుమ.

కావున మా బావమరిదికి చెప్పవలసినది చెప్పితిని: సాహిత్ మన చుట్టమని నిరూపింపదలచినచో మేనత్త తోడికోడలిని వెదకుట మాని, ఆ ఇసుక రేణువులతో వియ్యమందుము. ఉద్యోగములిచ్చు చదువరులకు ఒక మనవి: మీ ఎదుటికి వచ్చిన వందమందిలో ఒకడు "అనుభవం లేదు సార్, నేర్చుకుంటాను" అనినచో, ఆతనిని బయటకు పంపకుడు; ఉద్యోగమిండు. మీకది ఒక్క కుర్చీ ఖర్చు మాత్రమే.