క్యాచ్‌కి తరుగు తీయరేం?

ఆటన్నాక క్యాచ్‌లు జారుతుంటాయి, అదీ ఆటలో భాగమే. టెస్టు ఓడిన సాయంత్రం మైకు ముందుకొచ్చి ఎవరో ఒకరు ఈ మాట చెప్పడం భారత క్రికెట్‌లో టాసు వేసినంత మామూలైపోయింది. నిజమే, వర్షమూ ఆటలో భాగమే. దానికి డక్‌వర్త్ లూయిస్ లెక్క ఉంది. నోబాల్ ఆటలో భాగమే. దానికి ఒక పరుగు జరిమానా ఉంది. ఓవర్లు ఆలస్యమైతే మ్యాచ్ ఫీజులో కోత ఉంది. క్యాచ్ వదిలితే మాత్రం వేదాంతం ఉంది.

ఆ వేదాంతం తెనాలి, బాపట్ల, రేపల్లె అభిమానులకి పూర్తిగా ఒంటబట్టింది 2025 జూన్‌లో, లీడ్స్ టెస్టు పుణ్యాన. భారత్ తొలి ఇన్నింగ్స్‌లో 471, రెండో ఇన్నింగ్స్‌లో 364 చేసింది. జైస్వాల్ 101, గిల్ 147, పంత్ 134, మళ్లీ పంత్ 118, రాహుల్ 137. ఒక్క టెస్టులో ఐదు సెంచరీలు కొట్టి ఓడిన జట్టు అంతకుముందు చరిత్రలో లేదు. ఆ లోటు మనవాళ్లు తీర్చారు. ఇంగ్లండ్‌కి 371 లక్ష్యం పెడితే ఐదు వికెట్లు మిగుల్చుకుని మరీ కొట్టేసింది.

ఇంగ్లండ్‌లో టెస్టంటే మనకి మధ్యాహ్నం మూడున్నరకి మొదలై రాత్రి పది దాటేదాకా సాగే వ్యవహారం. తెనాలి బోసు రోడ్డులో షాపు చూసుకునేవాడు బేరాల మధ్యలో, బాపట్ల కాలేజీ కుర్రాడు క్లాసు అయ్యాక, రేపల్లె రైలెక్కినవాడు వేమూరుకీ భట్టిప్రోలుకీ మధ్య ఫోన్లో చూడ్డానికి చక్కగా కుదిరే వేళ. వాళ్లు చూసిందేమిటంటే, మొదటి ఇన్నింగ్స్‌లో బెన్ డకెట్ 11 దగ్గర ఇచ్చిన క్యాచ్ జైస్వాల్ వదిలాడు. 15 దగ్గర ఇచ్చింది జడేజా వదిలాడు. జట్టులో అందరికన్నా నమ్మకమైన చేతులు జడేజావని పేరు. ఓలీ పోప్ 60 దగ్గర ఇస్తే మళ్లీ జైస్వాలే. హ్యారీ బ్రూక్ సున్నా దగ్గరే సిరాజ్ చేతికి చిక్కాడు గానీ బుమ్రా గీత దాటాడు. 46 దగ్గర పంత్ వదిలాడు, ఎనభై దాటాక జైస్వాల్ ఇంకోసారి వదిలాడు. చివరిరోజు డకెట్ 97 మీద ఉండగా సిరాజ్ బంతిని గాల్లోకి లేపితే బౌండరీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి చేతులు పెట్టి మరీ నేలపాలు చేసినవాడు ఎవరో చెప్పనక్కర్లేదు. డకెట్ 149 కొట్టి వెళ్లాడు.

మొదటిసారి వదిలిన దగ్గర్నుంచి కూడితే డకెట్‌కి 51, పోప్‌కి 46, బ్రూక్‌కి 53, మళ్లీ డకెట్‌కి 52. మొత్తం 202 పరుగులు. వాళ్లు అవుటైతే వెనకొచ్చేవాడు ఎంత కొట్టేవాడో ఎవరు చూశారని వాదించే లాయరు ప్రతి టీకొట్టు దగ్గరా ఒకడుంటాడు. సరే, అతనికో సగం కొట్టేద్దాం. మిగిలిన 101 చాలు, మ్యాచ్ మనదే అయ్యేది. బుమ్రా మొదటి ఇన్నింగ్స్‌లో 83 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడని రికార్డుల్లో ఉంది. అతని బంతికి బ్యాటు అంచు తాకించి కూడా బతికిపోయినవాళ్ల జాబితా ఏ రికార్డులోనూ లేదు.

అసలు జబ్బు అక్కడే ఉంది.

బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పండించే రైతుని అడిగితే లెక్కంటే ఏమిటో చెబుతాడు. ధాన్యం కొనేచోట తేమ 17 శాతం దాటిందా, తరుగు. తాలు ఉందా, తరుగు. మట్టిగడ్డ కనపడిందా, మళ్లీ తరుగు. 75 కిలోల బస్తా కాటా మీదకెక్కి దిగేసరికి ఎన్ని కిలోలకి డబ్బొస్తుందో రైతుకే అంతుబట్టదు. అంత నిక్కచ్చిగా తూచే దేశంలో క్రికెట్ స్కోరుకార్డుకి మాత్రం తరుగు గడి లేదు. పరుగులు రాస్తారు, ఎదుర్కొన్న బంతులు రాస్తారు, వైడ్లు, లెగ్‌బైలు కూడా రాస్తారు. పట్టినవాడి పేరు రాస్తారు. వదిలినవాడి పేరు రాయరు. లీడ్స్ కార్డు తిరగేస్తే జైస్వాల్ పేరు పక్కన 101 కనిపిస్తుంది. నాలుగు క్యాచ్‌ల ఊసే ఉండదు.

ఊసు లేదు గనుకే అది జ్ఞాపకమూ ఉండదు. అంతకు ఆరు నెలల ముందు, 2024 డిసెంబరు 29న, మెల్‌బోర్న్‌లో ఒక్కరోజే ఇదే జైస్వాల్ మూడు వదిలాడు. ఖవాజాది, లబుషేన్‌ది, కమిన్స్‌ది. 46 దగ్గర బతికిన లబుషేన్ 70 చేశాడు. కెప్టెన్ రోహిత్ మైదానంలోనే చేతులు విసురుకున్నాడు. ఆ టెస్టు 184 పరుగుల తేడాతో పోయింది. కార్డులో మాత్రం జైస్వాల్ 82, 84 అని దర్జాగా ఉంటుంది. కార్డు చూసి జట్టుని కూర్చేవాళ్లకి ఇక ఆ కుర్రాడి చేతుల గురించి బెంగెందుకు? కుర్రాడు గట్టివాడు, సందేహం లేదు. ఆ ఎడమచేతి బ్యాటింగ్ చూసి మురవని తెలుగు ఇల్లు లేదు. వచ్చిన చిక్కల్లా అతని చేతులు చేసిన అప్పు తీర్చడానికి బుమ్రా మోకాళ్లు అరగాల్సి రావడమే.

లీడ్స్‌లో క్యాచ్‌లు వదిలిన కుర్రాడు బౌండరీ దగ్గర ప్రేక్షకుల ముందు సరదాగా నాలుగు స్టెప్పులేసిన వీడియో తిరిగినప్పుడు తెనాలివాళ్లకి కోపం రావడం సహజం. సావిత్రి, కృష్ణ లాంటి నటుల్ని సినిమాకిచ్చిన ప్రాంతం అది. అక్కడ స్టెప్పులకి కొరత లేదు, కావలసింది క్యాచ్‌లే.

ఇక సాకుల సంగతి. ఇంగ్లండ్‌లో డ్యూక్స్ బంతి బ్యాటు దాటాక వంకర్లు పోతుందన్నారు. నిజమే, ఇంగ్లండ్ ఫీల్డర్లకీ అదే బంతి. మాజీ ఆటగాడు మహ్మద్ కైఫ్ వేళ్లకి చుట్టిన టేపు మీద అనుమానపడ్డాడు. కొన్నాళ్లకి ఆసియా కప్‌కి దుబాయ్ వెళితే స్టేడియం పైకప్పు అంచున చుట్టూ వెలిగే దీపాలు కళ్లలో పడుతున్నాయన్నారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత కట్టినవాడికి ఫ్లడ్‌లైట్ల సంగతి తెలిసుండదు, లేకపోతే ఇంకో సామెత కట్టేవాడు.

ఆ ఆసియా కప్‌లోనే, 2025 సెప్టెంబరు 21న, పాకిస్తాన్ ఓపెనర్ సాహిబ్‌జాదా ఫర్హాన్ ఖాతా తెరవకముందే అభిషేక్ శర్మ అతని క్యాచ్ వదిలాడు. తర్వాత బౌండరీ దగ్గర మరోటి వదిలాడు. ఫర్హాన్ 58 చేశాడు. ఆ తర్వాత అభిషేక్ 39 బంతుల్లో 74 బాది ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ పట్టుకెళ్లాడు. మ్యాచ్ అయ్యాక కెప్టెన్ సూర్యకుమార్ నవ్వుతూ, క్యాచ్‌లు జారవిడిచిన కుర్రాళ్లందరికీ ఫీల్డింగ్ కోచ్ దిలీప్ ఈమెయిల్ పంపేశాడన్నాడు. హైదరాబాద్ నుంచి వెళ్లిన దిలీప్ మంచి కోచే, 2023 ప్రపంచకప్‌లో ఫీల్డింగ్‌కి మెడల్ పెట్టి డ్రెస్సింగ్ రూమ్‌లో సందడి తెచ్చినవాడే. అయినా ఈమెయిల్‌తో స్లిప్ క్యాచ్ నేర్పగలిగితే రేపల్లె పోస్టాఫీసు నుంచి ఉత్తరం రాసి స్వింగ్ బౌలింగూ నేర్పొచ్చు.

తయారీ సంగతి అడక్కుండా ఉండటమే మేలు. ఆ ఏడాది ఐపీఎల్ మే నెలలో వారం పాటు ఆగి, ఫైనల్ జూన్ 3కి జరిగింది. జూన్ 20న లీడ్స్ టెస్టు. మధ్యలో సీనియర్ జట్టు ఆడిన సన్నాహక మ్యాచ్ ఒకటే, అదీ బెకెన్‌హామ్‌లో తలుపులు వేసుకుని మనవాళ్లు మనవాళ్లతోనే ఆడింది. అలాంటి మ్యాచ్‌లో క్యాచ్ వదిలినా ఎవరికీ బాధ ఉండదు, బతికిపోయేదీ మనవాడే కదా. అంతకుముందు 2024 నవంబరులో ఆస్ట్రేలియా వెళ్లినప్పుడైతే ఇండియా ఎ జట్టుతో పెట్టుకున్న మ్యాచ్ కూడా రద్దుచేసుకుని నెట్స్‌కీ, మధ్య పిచ్ ప్రాక్టీసుకీ సరిపెట్టారు. పెర్త్‌లో 295 పరుగులతో గెలిచేసరికి అదే గొప్ప వ్యూహమైంది. ఆ తర్వాత సిరీస్ 3-1తో పోయాక ఆ వ్యూహం ఎవరిదో చెప్పేవాడు లేడు. యుద్ధం మొదలయ్యాక కత్తి తిప్పడం నేర్చుకునే పద్ధతికి ఇప్పుడు పనిభారం తగ్గింపు అని కొత్త పేరు.

రెండు నెలల ఐపీఎల్‌లో స్లిప్ అన్నది ఒకటి రెండు ఓవర్లకి మించి కనపడదు. బౌండరీ గీత దగ్గర బంతిని లోపలికి విసిరి మళ్లీ వచ్చి పట్టుకునే సర్కస్ మనవాళ్లకి బ్రహ్మాండంగా వచ్చు. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో సూర్యకుమార్ మిల్లర్‌ని అలా పట్టబట్టే కప్పొచ్చింది. అడుగు కదపకుండా, మోకాళ్లు వంచి, రోజంతా ఒకే బంతి కోసం కాచుకుని, అది వచ్చినప్పుడు చేతులు మెత్తగా వెనక్కి తీసుకునే స్లిప్ పని మాత్రం వేరే వృత్తి. హైదరాబాద్ అజారుద్దీన్ 99 టెస్టుల్లో 105 పట్టాడు. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 135, అతని పక్కనే నిలబడిన ద్రావిడ్ 164 టెస్టుల్లో 210. అంతకుముందు ఏక్‌నాథ్ సోల్కర్ హెల్మెట్ లేకుండా బ్యాటు కిందకి వెళ్లి నిలబడి 27 టెస్టుల్లోనే 53 పట్టాడు. ఆ రోజుల్లో ఫీల్డింగ్ కోచ్ అనే ఉద్యోగమే లేదు. ఇప్పుడు అయిదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లు పలికాయి. అందులో స్లిప్ క్యాచ్‌లు నేర్పే ఖర్చు ఏ పద్దు కింద వస్తుందో బోర్డు ఆడిటర్లకే తెలియాలి.

మన సెలక్టర్లకి ఫీల్డింగ్ గుర్తొచ్చిన సందర్భం గుంటూరు జిల్లావాళ్లకి బాగా గుర్తుంది. 2019 ప్రపంచకప్‌కి గుంటూరు కుర్రాడు అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ని తీసుకున్నప్పుడు, చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ అతనికి మూడు కోణాలున్నాయని చెప్పాడు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్. ప్రసాదూ గుంటూరు జిల్లావాడే, పైగా మాజీ వికెట్‌కీపర్. రాయుడు త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని ట్వీట్ చేశాడు. అప్పుడు కనిపించిన ఆ మూడో కోణం తర్వాత ఎక్కడ పోయిందో వెతకడానికి ఆ అద్దాలు ఇప్పటికైనా పనికొస్తాయేమో.

అభిమాని మాత్రం తక్కువ తిన్నాడా? 2025 ఆగస్టు 3, ఆదివారం. ఓవల్‌లో బ్రూక్ 19 దగ్గర లేపిన బంతిని సిరాజ్ పట్టుకుని మరీ బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. ఆ రాత్రి బాపట్లలో సిరాజ్‌ని తిట్టని నోరు లేదు. సోమవారం సాయంత్రం అదే సిరాజ్ అట్కిన్సన్ వికెట్లు ఎగరగొట్టి ఆరు పరుగులతో టెస్టు గెలిపించగానే అవే నోళ్లు వాట్సాప్ స్టేటస్‌లు మార్చుకున్నాయి. అదే టెస్టులో జైస్వాల్ 118 కొట్టాడు, దారిలో ఇంగ్లండ్ ఫీల్డర్లు అతన్ని మూడుసార్లు వదిలారు. ఆ మూడింటి మీద తెనాలిలో ఎవరూ సానుభూతి సభ పెట్టలేదు. ఎదుటివాడు వదిలితే మన అదృష్టం, మనవాడు వదిలితే దేశద్రోహం, గెలిస్తే రెండూ మాఫీ. ఇంత ఉదారంగా మాఫీ చేసే జనం ఉండగా బోర్డు ఎందుకు మారాలి?

సూర్యలంక ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలు ఇంతకంటే నయం. వాళ్ల రాజ్యాంగంలో ఒక పిచ్ పడ్డాక ఒంటిచేత్తో పట్టినా అవుటే. అంత వెసులుబాటు ఇచ్చాక కూడా లడ్డూ లాంటి క్యాచ్ వదిలావా, తీర్పు అక్కడికక్కడే. నీ ఓవర్ ఇంకొకడికి పోతుంది, బ్యాటింగ్ చివరికి పోతుంది, బంతి నీళ్లలోకి పోతే తెచ్చే పనీ నీదే. రోహిత్ చేతులు విసురుకోవడం కంటే ఈ శిక్ష గట్టిది. లీడ్స్ తర్వాత జట్టు చేసింది కూడా దాదాపు ఇదే, జైస్వాల్‌ని స్లిప్ వరస నుంచి తప్పించారు. ఎడ్జ్‌బాస్టన్‌లో 336 పరుగులతో గెలిచారు. గిల్ కొట్టిన 269, 161 ముందు అసలు కారణం ఏదన్నది ఎవరూ అడగలేదు.

ఆ నవంబరులో దక్షిణాఫ్రికా వచ్చింది. కోల్‌కతాలో 124 కొట్టలేక మనవాళ్లు 93కే చేతులెత్తేశారు. గువాహటిలో 408 పరుగులతో ఓడారు, పరుగుల్లెక్కన భారత్‌కి అంత పెద్ద ఓటమి ఇంకోటి లేదు. ఆ టెస్టులో ఎయిడెన్ మార్‌క్రమ్ ఒక్కడే తొమ్మిది క్యాచ్‌లు పట్టాడు. ఒక టెస్టులో ఫీల్డర్‌గా అన్ని పట్టినవాడు ఇంకొకడు లేడు. అంతకుముందు రికార్డు మన అజింక్య రహానేదే, 2015లో గాలెలో ఎనిమిది. చిత్రమేమిటంటే ఎనిమిది పట్టినా గాలె టెస్టు మనం 63 పరుగులతో ఓడాం. ఈ సంగతి జట్టు యాజమాన్యం చెవిన పడకుండా చూసుకోవడం మంచిది.