'ఛార్జరేది' పద్యం: టీక, తాత్పర్యం, కొంత తగువు

మూలం

ఆ.వె.
నిన్న నూరు దాటి నేడేల ముప్పయ్యె
ఫ్యాను హోరుమనెను పటము నిలిచె
ఛార్జరేది యనుచు జనని వచ్చి యడుగ
తెలిసె నసలు గుట్టు తిక్క కుదిరె

అవతారిక

వేసవి సెలవులకు విజయవాడలో ఇంటికి వచ్చిన ఒక బీటెక్ విద్యార్థి, గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆట మంచి పాకాన పడ్డ వేళ ఎఫ్‌పీఎస్ ధబాలున పడిపోగా, ఆ నిర్వేదంలో చెప్పిన చాటువు ఇది. కవి తన పేరు చెప్పుకోలేదు. సెమిస్టరులో బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లు సాధారణంగా చెప్పుకోరు.

వ్యాఖ్యాతలకు ఆదర్శం కొలాచల మల్లినాథసూరి. మన మెదకు వైపువాడు. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతదీ అదే ఒట్టు. కాకపోతే ఇక్కడ మూలమంటే సెన్సారు రీడింగు.

ప్రతిపదార్థం

నిన్న = గడచిన దినమున, అనగా ఇదే ఆట, ఇవే సెట్టింగులు ఉన్న దినమున; నూరు దాటి = సెకనుకు నూరు ఫ్రేములకు పైబడి, అనగా ఒక్కొక్క బొమ్మ పది మిల్లీసెకన్ల లోపే సిద్ధమై; నేడు = ఈ దినమున; ఏల = ఏ కారణముచేత; ముప్పు అయ్యెన్ = ఆపద కలిగెను; ఫ్యాను = విశేషాలలో చూడుడు; హోరుమనెను = పెద్దగా మ్రోగెను; పటము = తెరమీది బొమ్మ; నిలిచెన్ = కదలక ఆగెను; ఛార్జరు ఏది అనుచు = ఛార్జరు ఎక్కడున్నదని; జనని = తల్లి; వచ్చి = వంటింటి నుండి ఏతెంచి; అడుగన్ = ప్రశ్నింపగా; అసలు గుట్టు = నిజమైన కారణము; తెలిసెన్ = బోధపడెను; తిక్క కుదిరెన్ = ఇక చెప్పనేల.

తాత్పర్యం

నిన్న చక్కగా ఆడిన ఆట ఈ రోజు నత్తనడక నడుస్తోంది. కుర్రవాడు ముందు గ్రాఫిక్స్‌ను అల్ట్రా నుంచి హైకి, హై నుంచి లోకి దించాడు. అయినా లాభం లేకపోయింది. డ్రైవరు తీసేసి మళ్లీ వేశాడు. చివరికి విండోస్‌ను ఫార్మాట్ కొట్టడానికి పెన్‌డ్రైవ్ వెతుకుతుండగా తల్లి వచ్చి, "ఛార్జరేదిరా, నిన్న హాస్టల్ నుంచి తెచ్చిన బ్యాగులో కనబడలేదు" అంది. అప్పటిదాకా అతని ల్యాప్‌టాప్ తాగుతున్నది అక్కగారి సన్నపాటి టైప్-సీ ఛార్జరు కరెంటు.

విశేషాలు

'నిన్న' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఉన్నట్టుండి పడిందంటే, నిన్నటికీ నేటికీ మధ్య ఏదో మారిందన్నమాట. "నేనేం మార్చలేదు" అనే జవాబు ప్రమాణం కాదు. మనం నిద్రపోయాక విండోస్ తానే గ్రాఫిక్స్ డ్రైవరు మార్చుకోగలదు, గేము తానే ప్యాచ్ దించుకోగలదు. ఆట మొదలెట్టిన క్షణంలోనే యాంటీవైరస్ డిస్కంతా తడమడం మొదలెట్టవచ్చు. టాస్క్ మేనేజరు తెరిస్తే ఈ సంగతి అర నిమిషంలో తేలిపోతుంది. పనిలో పనిగా ఆట ఏ జీపీయూ మీద నడుస్తోందో కూడా అక్కడే చూడాలి. ఎన్‌విడియా 2010లో తెచ్చిన ఆప్టిమస్ ఏర్పాటు ప్రకారం ఒక్క ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ యంత్రాలుంటాయి: ప్రాసెసరులో ఇమిడిన చిన్నది, విడిగా కూర్చున్న పెద్దది. ఆట పొరపాటున చిన్నదాని మీద పడితే పెద్దది హాయిగా ఖాళీగా కూర్చుంటుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అనే చోట ఆ ఆటకు హై పెర్ఫార్మెన్స్ అని చెప్పి పెడితే ఈ దోషం తీరుతుంది.

'ముప్పయ్యె' అన్నచోట శ్లేష. ముప్పు వచ్చెనని ఒక అర్థం, ముప్పై అయ్యెనని ఇంకొకటి. కవి లెక్క గట్టివాడని దీన్నిబట్టి తెలుస్తోంది. అంకె పద్దెనిమిదికీ నలభైకీ మధ్య ఊగిసలాడుతుంటే యంత్రం నిజంగా ఆయాసపడుతోంది. గీత గీసినట్టు ముప్పై దగ్గరే నిలబడితే మాత్రం అది ఆయాసం కాదు, ఆజ్ఞ. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఛార్జి మిగల్చడానికి ఎన్‌విడియా వారి బ్యాటరీ బూస్ట్ ఫ్రేములను 30కి కట్టిపడేయగలదు. 60 హెర్ట్జ్ తెర మీద వీ-సింక్ ఉన్నప్పుడూ ఇలాంటిదే జరగవచ్చు. 16.7 మిల్లీసెకన్లలో బొమ్మ సిద్ధం కాకపోతే తర్వాతి వంతు దాకా ఆగాలి, అంటే సగానికి సగం.

'ఛార్జరేది' అన్నది ఈ పద్యానికి ప్రాణం. ఎక్కడ అని తల్లి ఉద్దేశం. ఏ ఛార్జరు అని శాస్త్ర ఉద్దేశం. గేమింగ్ ల్యాప్‌టాప్‌తో వచ్చే ఇటుకలాంటి అడాప్టరు 180, 230 వాట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. అక్కగారి టైప్-సీ ఛార్జరు ఇచ్చేది 65. తెర మూలన మాత్రం రెండింటికీ ఒకటే ప్లగ్గు బొమ్మ కనిపిస్తుంది. కుర్రవాడు మోసపోయింది అక్కడే. బ్యాటరీ ఆదుకోలేదా అంటే, దానికీ ఒక హద్దుంది. ప్రత్యేక అనుమతి లేకుండా విమానంలో తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల బ్యాటరీ వరకే గనుక తయారీదారులు ఆ గీత దాటరు. పైగా ఒక్కసారిగా అంత కరెంటు తోడితే బ్యాటరీ తట్టుకోలేదు. అందుకే యంత్రం జీపీయూ చేతులు కట్టేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి మురిసిపోవడంలో అర్థం లేదనేది కూడా ఇందుకే. ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరుతో ల్యాప్‌టాపుల్లో 35 వాట్ల కార్డూ ఉంటుంది, 115 వాట్ల కార్డూ ఉంటుంది. కొనేటప్పుడు పేరు చెప్పినంత గట్టిగా వాట్లు చెప్పే దుకాణదారు అరుదు.

అసలు అడాప్టరు పెట్టినా వేగం తిరిగి రాకపోతే? కొన్ని యంత్రాలు మొండివి, పాత ఆజ్ఞనే పట్టుకుని వేలాడతాయి. అప్పుడు రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సాటి రాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వల్ల విండోస్ పూర్తిగా ఆగిపోకుండా పాత స్థితినే దాచుకుని తిరిగి తెస్తుంది.

ఇక పూర్వ వ్యాఖ్యాతలు. ఫార్మాట్ కొట్టమనేవాడు మొదటివాడు. రోగం తెలియనప్పుడు ఇల్లు తగలబెట్టమనే వైద్యం ఇది, ఖండించడం కూడా దండగ. కూలింగ్ ప్యాడ్ కొనమనేవాడు రెండోవాడు. వేడి రోగమైతే కొంత మేలే గాని, పరుపు మీంచి బల్ల మీదికి మార్చి వెనకవైపు కాస్త ఎత్తు పెట్టడం ముందు చేయాల్సిన పని, దానికి డబ్బు అక్కర్లేదు. లో ఓల్టేజీ అనే పెద్దాయన మూడోవాడు. అడాప్టరు మీద 100 నుంచి 240 ఓల్టుల దాకా పనిచేస్తుందని అచ్చేసి ఉంటుంది, ఆయన కళ్లజోడు తెచ్చుకుని చదవాలి.

యతులు చక్కగా కుదిరాయి. ఛార్జరుకు జననితో యతిమైత్రి దొరకడం కవి అదృష్టం.

అసలు తగువు ఫ్యాను దగ్గర. చాలినంత కరెంటు అందనప్పుడు జీపీయూ తాగేది తగ్గుతుంది. తాగేది తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే ఫ్యాను నెమ్మదిస్తుంది. మరి కవి 'హోరుమనెను' అన్నాడేమిటి?

ఇది పైకప్పు ఫ్యాను, విజయవాడ మే నెల గనుక అయిదో నంబరులో తిరుగుతోందని కొందరు సమర్థించారు. భక్తి ఎక్కువైన సమర్థన. వేడి రోగమూ కరెంటు రోగమూ ఒక్కసారే వచ్చాయని మరికొందరు. ఒక కారణంతో తేలేదానికి రెండు కల్పించడం తర్కంలో గౌరవదోషం, అంటే అనవసరపు బరువు; శాస్త్రం మెచ్చేది లాఘవాన్ని.

పైగా వేడి రోగం లక్షణాలు వేరు. ఆట మొదట బాగానే ఉంటుంది. పది పదిహేను నిమిషాలకు ఫ్యాను అరుపందుకుంటుంది. ప్రాసెసరు 95, 100 డిగ్రీల దగ్గర, జీపీయూ సాధారణంగా 87 దగ్గర తమను తాము తగ్గించుకుంటాయి. ఎఫ్‌పీఎస్ రంపపు పళ్లలా పైకీ కిందికీ ఆడుతుంది. గది వేడి 25 నుంచి 42కి పెరిగితే చిప్పు వేడీ దాదాపు అంతే పెరుగుతుంది, ఏ ఫ్యానూ గది గాలికన్నా చల్లగా చేయలేదు. దుమ్ము దులపడం, పాతబడ్డ థర్మల్ పేస్టు మార్పించడం ఈ రోగానికే మందు. కరెంటు రోగమైతే మొదటి ఫ్రేము నుంచే కుంటుతుంది, చప్పుడు లేకుండా. అనుమానం తీరాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాము తెరిచి పెర్ఫార్మెన్స్ లిమిట్ అన్న వరుసలు చూడాలి. పవర్ ఎదుట యెస్ అని ఉందా, థర్మల్ ఎదుట ఉందా, యంత్రం తన నోటితో తానే చెబుతుంది. అది చదవకుండా స్క్రూడ్రైవరు పట్టుకునేవాడికి ఈ వ్యాఖ్య చదివే అర్హత లేదు.

మరో ప్రతిలో 'ఫ్యాను మూగవోయె పటము నిలిచె' అని పాఠాంతరం ఉంది. గణాలు చెడవు, యతి చెడదు, అర్థం బాగుపడుతుంది. కనుక 'హోరుమనెను' లేఖక ప్రమాదమని, ఆ లేఖకుడు థర్మల్ పేస్టు అమ్ముకునేవాడై ఉంటాడని మా నిర్ణయం. ఈ పద్యాన్ని వాట్సాప్‌లో పంపుకునేవారు దయచేసి 'మూగవోయె' అని దిద్ది పంపగలరు.